ఎమర్జెన్సీ ఎత్తేశాక కూడా ఢిల్లీలోనే ఉండిపోయిన అధికారాలు

రేషన్ బియ్యం లారీ చెక్‌పోస్టు దగ్గర పట్టుబడితే మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్త దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్ని క్వింటాళ్ల పీడీఎస్ బియ్యం స్వాధీనం, డ్రైవర్ అదుపులో, 6ఏ కేసు నమోదు. ఈ 6ఏ అనేది 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టంలోని సెక్షన్. సరుకుతో పాటు దాన్ని మోసిన బండిని కూడా జప్తు చేసే అధికారం కలెక్టర్‌కి ఇస్తుంది. మన దగ్గర ఆ ఫైలు మామూలుగా జాయింట్ కలెక్టర్ దగ్గర, తెలంగాణలో అయితే అదనపు కలెక్టర్ దగ్గర నడుస్తుంది. లారీని ఆపేది రాష్ట్ర సిబ్బంది, బియ్యం దించుకునేది రాష్ట్ర పౌర సరఫరాల శాఖ గోదాములో, విచారించేది జిల్లా అధికారి. చట్టం మాత్రం పార్లమెంటుది.

ఇందులో వింతేమిటంటే, రాష్ట్రం లోపల జరిగే వ్యాపారం, సరుకుల ఉత్పత్తి, సరఫరా, పంపిణీ రాజ్యాంగం ప్రకారం మొదట రాష్ట్ర జాబితాలోని విషయాలు. 26, 27 నంబర్లలో ఇప్పటికీ ఉన్నాయి. అసెంబ్లీ చేయాల్సిన చట్టం పార్లమెంటు చేతికి ఎలా వెళ్లిందో తెలియాలంటే రాజ్యాంగం కంటే ముందుకు, 1939 సెప్టెంబరుకి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే వైస్రాయ్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో 102వ సెక్షన్ ఉండేది. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ప్రావిన్సుల జాబితాలోని విషయాల మీద కూడా కేంద్ర శాసనసభ చట్టాలు చేయవచ్చని అది చెప్పింది. ఆ అండతోనే ధాన్యం, గుడ్డ, బొగ్గు, కాగితం అన్నింటి మీదా ఢిల్లీ నియంత్రణ వచ్చింది. యుద్ధం ముగిసింది. 1946 ఏప్రిల్ 1న ఎమర్జెన్సీ ఎత్తేశారు. సెక్షన్ ప్రకారం మరో ఆరు నెలలకి ఈ అధికారం పోవాలి. పోలేదు. కొరత తీరలేదు కాబట్టి బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ఈ సరుకుల మీద కేంద్రం పెత్తనాన్ని ఇంకొంత కాలం సాగనిచ్చింది. దాని కింద వచ్చినదే 1946 నాటి నిత్యావసర సరఫరాల (తాత్కాలిక అధికారాల) చట్టం. పేరులోనే తాత్కాలికం అని ఉంది.

1950లో రాజ్యాంగం వచ్చేనాటికి కూడా ఆ తాత్కాలికం నడుస్తూనే ఉంది. అందుకని ఆర్టికల్ 369 పెట్టి, మరో అయిదేళ్ల పాటు పత్తి, ఆహార పదార్థాలు, పశువుల దాణా, బొగ్గు, ఇనుము, చివరికి అభ్రకం మీద కూడా పార్లమెంటు చట్టాలు చేయొచ్చన్నారు. గూడూరు వైపు అభ్రకం గనుల వ్యాపారం అప్పట్లో అంత ముఖ్యమన్నమాట. ఆ అయిదేళ్లు 1955 జనవరితో అయిపోయాయి. ఫిబ్రవరిలో మూడో రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోని 33వ అంశాన్ని పెద్దది చేసింది: ఆహార పదార్థాలు, నూనెగింజలు, దాణా, పత్తి, జనుము అందులో చేరాయి. ఏప్రిల్‌లో నిత్యావసర సరుకుల చట్టం వచ్చింది. యుద్ధం కోసం తీసుకున్న అధికారం పదహారేళ్లలో నాలుగు చేతులు మారి శాశ్వతమైంది. 2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు కేంద్రం చూపించిన ఆధారం కూడా ఈ 33వ అంశమే.

అత్యవసర పరిస్థితుల్లో అధికారాలు ఎలా మారతాయో వివరించే వ్యాసాలు సాధారణంగా జాతీయ ఎమర్జెన్సీ గురించిన ఆర్టికల్ 352తో మొదలై, ఆర్థిక ఎమర్జెన్సీ గురించిన 360తో ముగుస్తాయి. అవి తప్పని కాదు. కానీ రాష్ట్రాల శాసనాధికారం నిజంగా ఎక్కడ తగ్గిందో చూడాలంటే ఆ ఆర్టికల్స్ చాలవు. ఎమర్జెన్సీ నిబంధనల్లో గడువులున్నాయి, చాలావరకు ఆ గడువులు పనిచేశాయి. తిరిగి రాని అధికారాలు వేరే దారుల్లో వెళ్లాయి.

ముందు రాజ్యాంగం రాసుకున్న దారి చూద్దాం. 352 కింద ప్రకటన వెలువడిందంటే ఆర్టికల్ 250 అమల్లోకి వస్తుంది. రాష్ట్ర జాబితాలోని ఏ విషయం మీదైనా దేశమంతటికీ గానీ, కొంత భాగానికి గానీ పార్లమెంటు చట్టం చేయొచ్చు. అంతమాత్రాన అసెంబ్లీలకి తాళం పడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. అసెంబ్లీ సమావేశం కావచ్చు, బిల్లులు పాస్ చేయొచ్చు. కాకపోతే పార్లమెంటు చట్టంతో పేచీ వచ్చినచోట రాష్ట్ర చట్టం పక్కకి తప్పుకోవాలి. అదీ రద్దు కాదు. ఆర్టికల్ 251 ప్రకారం కేంద్ర చట్టం అమల్లో ఉన్నంతవరకే అది నిద్రపోతుంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఆరు నెలలకి పార్లమెంటు చేసిన ఆ చట్టం చెల్లకుండా పోతుంది, రాష్ట్ర చట్టం మళ్లీ లేస్తుంది. అప్పటికే జరిగిపోయిన పనులు మాత్రం చెల్లుతాయి. 1935 చట్టంలోని 102వ సెక్షన్‌కీ దీనికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆరు నెలల గడువుతో సహా.

దీనికి తోడు ఆర్టికల్ 353 కింద పాలన ఎలా చేయాలో కేంద్రం రాష్ట్రాలకి ఆదేశాలివ్వొచ్చు. రాష్ట్ర విషయాల్లో కూడా కేంద్ర అధికారులకి పనులు, అధికారాలు అప్పగిస్తూ పార్లమెంటు చట్టం చేయొచ్చు. 354 కింద పన్నుల పంపకాన్ని రాష్ట్రపతి ఉత్తర్వుతో మార్చొచ్చు. లోక్‌సభ గడువుని, అసెంబ్లీల గడువుని ఒక్కోసారికి ఏడాది చొప్పున పొడిగించొచ్చు. ఇన్ని చేతికిచ్చినా ఒక్కోదానికీ ఏదో ఒక ముగింపు రాసి పెట్టారు. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పింది కూడా అదే అర్థంలో: మామూలు రోజుల్లో సమాఖ్యగా, యుద్ధం లాంటి రోజుల్లో ఏకకేంద్రంగా నడిచేలా ఈ రాజ్యాంగాన్ని మలిచామని.

ఆ 'యుద్ధం లాంటి రోజులు' ఎంత సాగాయన్నది వేరే కథ. చైనా దాడితో 1962 అక్టోబరు 26న మొదటి ప్రకటన వచ్చింది. కాల్పులు నెల తిరగకుండానే ఆగాయి. ప్రకటన 1968 జనవరి 10 దాకా ఉంది. రెండోది 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ యుద్ధంతో వచ్చింది. యుద్ధం డిసెంబరు 16న ముగిసింది, ప్రకటన 1977 మార్చి చివరి దాకా ఉంది. అది ఉండగానే దాని మీద 1975 జూన్ 25 రాత్రి 'అంతర్గత కల్లోలం' పేరుతో మూడోది వచ్చి పడింది. అందరికీ గుర్తున్న ఎమర్జెన్సీ ఆ 21 నెలలే. లెక్క చూస్తే 1962 అక్టోబరు నుంచి 1977 మార్చి దాకా గడిచిన పద్నాలుగున్నర ఏళ్లలో పదిన్నర ఏళ్లు దేశం ఏదో ఒక ఎమర్జెన్సీలోనే ఉంది. రాష్ట్ర జాబితా మీద పార్లమెంటుకి పూర్తి అధికారం ఆ పదిన్నరేళ్లూ ఉన్నట్టే.

అయినా ఆర్టికల్ 250ని పెద్దగా వాడుకోవాల్సిన పని పడలేదు. రక్షణ కేంద్ర జాబితాలో మొదటి అంశం, ముందస్తు నిర్బంధం కేంద్ర, ఉమ్మడి జాబితాలు రెండింట్లోనూ ఉంది. భారత రక్షణ చట్టాలకి, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టానికి ఆ బలం చాలు. పైగా ఎక్కువ రాష్ట్రాల్లో ఉన్నది ఢిల్లీలోని పార్టీయే. ముఖ్యమంత్రికి ఫోన్ చేస్తే అయ్యే పనికి ఆర్టికల్ ఎందుకు?

ఒక చట్టం సంగతి మాత్రం దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని తలనొప్పి హైదరాబాద్‌లో ఇంకా తీరలేదు. 1976 ఫిబ్రవరిలో, నడి ఎమర్జెన్సీలో, పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. అదే యూఎల్‌సీ. హైదరాబాద్‌లో ఒక కుటుంబం వెయ్యి చదరపు మీటర్లకి మించి ఖాళీ స్థలం ఉంచుకోకూడదు. విశాఖ, విజయవాడ లాంటి నగరాలకి వేరే పరిమితులు. మించినది సర్కారుకి అప్పగించాలి. భూమి రాష్ట్ర జాబితాలోని విషయం. ఎమర్జెన్సీ నడుస్తోంది కాబట్టి పార్లమెంటు 250 కింద చట్టం చేసేయొచ్చు. అలా చేసి ఉంటే 1977 సెప్టెంబరుకల్లా ఆ చట్టం పోయేది. ఎన్నుకున్న దారి ఆర్టికల్ 252. రెండు లేక అంతకు మించి అసెంబ్లీలు 'మా తరఫున మీరే చట్టం చేయండి' అని తీర్మానిస్తే పార్లమెంటు చేయొచ్చు. పదకొండు రాష్ట్రాలు తీర్మానాలిచ్చాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ, మండలి 1972లోనే ఇచ్చేశాయి.

252లో మెలిక ఏమిటంటే, ఒకసారి అప్పగించాక ఆ చట్టంలో కామా మార్చాలన్నా పార్లమెంటే మార్చాలి. అసెంబ్లీకి ఇక ఆ విషయంలో నోరు లేదు. ఎమర్జెన్సీ పోయింది, ఎన్టీఆర్ వచ్చారు, ప్రాంతీయ పార్టీల కాలం వచ్చింది. యూఎల్‌సీ అలాగే ఉంది. 1999లో పార్లమెంటు రద్దు చట్టం చేశాక, దాన్ని స్వీకరిస్తున్నామని మళ్లీ తీర్మానం చేస్తేనే ఇక్కడ రద్దవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసింది 2008 మార్చిలో. ఈలోగా 2002లో మిగులు భూముల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్ల కోసం 455, 456 జీవోలు, రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో 58, 59 జీవోలు. ఇవాళ్టికీ హైదరాబాద్‌లో ప్లాట్ కొనేటప్పుడు లాయర్ లింకు డాక్యుమెంట్లతో పాటు యూఎల్‌సీ క్లియరెన్స్ ఉందా అని అడుగుతాడు. లేదంటే కొనేవాళ్లకి టెన్షన్ మొదలు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఎమర్జెన్సీలో వచ్చి దీర్ఘాయుష్షు పొందిన చట్టాల్లో ఇదొకటి, అదీ ఎమర్జెన్సీ అధికారం అసలు వాడకుండా.

రెండో దారి ఇంకా పెద్దది. 1976 చివర్లో పాసైన 42వ సవరణ అయిదు విషయాల్ని రాష్ట్ర జాబితా నుంచి తీసి ఉమ్మడి జాబితాలో పెట్టింది: విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, కింది కోర్టుల ఏర్పాటు. జాబితాలు మార్చాలంటే సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఆమోదించాలని ఆర్టికల్ 368లో ఉంది. ఆమోదించాయి. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం ఆ ఏడాది జనవరి 31నే బర్తరఫ్ అయింది. గుజరాత్‌లోని ప్రతిపక్ష ప్రభుత్వం మార్చిలో పోయింది. కాదనేవాళ్లు ఎవరు మిగిలారు?

ఈ మార్పు ఫలితం కళ్లెదుటే ఉంది. అడవులు ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి కాబట్టే 1980లో అటవీ సంరక్షణ చట్టం సాధ్యమైంది. అటవీ భూమిని ఇంకో పనికి మళ్లించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి. అప్పటి నుంచి అడవిని తాకే ఏ సాగునీటి ప్రాజెక్టు ఫైలైనా ఢిల్లీ వెళ్లాల్సిందే. ఆ చట్టం లేకపోతే నల్లమల ఏమయ్యేదో అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అధికారం కేంద్రానికి వెళ్లడం ప్రతిసారీ నష్టమే అనుకోనక్కర్లేదు. విద్య విషయంలో మాత్రం గొడవ ఆగలేదు. నీట్ మీద తమిళనాడు వాదన అంతా విద్యని రాష్ట్ర జాబితాలోకి తిరిగి ఇవ్వాలన్న డిమాండ్ చుట్టూనే తిరుగుతుంది.

42వ సవరణ అసెంబ్లీల ఆయుష్షు కూడా అయిదు నుంచి ఆరేళ్లకి పెంచింది. 1972లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 1977 మార్చిలో ముగియాల్సింది. లోక్‌సభ ఎన్నికలు అప్పుడు జరిగాయి. మన అసెంబ్లీకి మాత్రం 1978 ఫిబ్రవరిలో గానీ ఎన్నికలు రాలేదు. అంటే ఢిల్లీలో ఎమర్జెన్సీ ప్రభుత్వం ఓడిపోయాక దాదాపు ఏడాది పాటు, ఎమర్జెన్సీలో పెంచుకున్న గడువుతో జలగం వెంగళరావు ప్రభుత్వం ఇక్కడ నడిచింది.

జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణతో చాలా సరిదిద్దింది. అంతర్గత కల్లోలం స్థానంలో 'సాయుధ తిరుగుబాటు' వచ్చింది. కేబినెట్ రాతపూర్వకంగా చెబితే తప్ప రాష్ట్రపతి సంతకం పెట్టకూడదు. 1975లో సంతకం రాత్రే అయింది, కేబినెట్‌కి తెలిసింది మర్నాడు పొద్దున. నెలలోపు రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదించాలి. సభల గడువు తిరిగి అయిదేళ్లయింది. తిరిగి రానిది జాబితాలే. విద్యని వెనక్కి ఇచ్చే క్లాజు లోక్‌సభ దాటింది, రాజ్యసభలో నెగ్గలేదు. రాష్ట్రాల సభ అని పేరున్నది, రాష్ట్రాలకి రావాల్సిన అధికారాన్ని ఆపింది.

ఆర్టికల్ 356 గురించి క్లుప్తంగా చాలు. రాష్ట్రపతి పాలనలో 250 లాంటి పోటీ ఉండదు. అసెంబ్లీ అధికారమే పార్లమెంటుకి వెళ్తుంది, పార్లమెంటు దాన్ని రాష్ట్రపతికి బదలాయించొచ్చు. 1954లో ఆంధ్ర రాష్ట్రం, జై ఆంధ్ర ఉద్యమ సమయంలో 1973లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన ముందు మళ్లీ ఆంధ్రప్రదేశ్ ఈ అనుభవం చూశాయి. అలాంటి కాలంలో చేసిన చట్టాలు రాష్ట్రపతి పాలన ముగిసిన ఏడాదికి పోవాలని మొదట ఉండేది. ఆ గడువుని కూడా 42వ సవరణే తీసేసింది. కొత్త అసెంబ్లీ మార్చేదాకా అవి ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వాల బర్తరఫ్‌కి పగ్గాలు వేస్తూ 1994లో సుప్రీంకోర్టు బొమ్మై తీర్పు ఇచ్చాక అసలు 356 వాడకమే తగ్గింది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఆస్ట్రేలియాలో 1942 దాకా రాష్ట్రాలు తమ ఆదాయపు పన్ను తాము వేసుకునేవి. యుద్ధ ఖర్చుల కోసం కేంద్రం మొత్తం పన్నుని తన చేతిలోకి తీసుకుని, పన్ను మానుకున్న రాష్ట్రాలకి గ్రాంట్లిస్తానంది. రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి, ఓడిపోయాయి. యుద్ధం 1945లో ముగిసింది. ఆస్ట్రేలియా రాష్ట్రాలు ఆ తర్వాత ఆదాయపు పన్ను మళ్లీ వేయలేదు. చట్టం వాళ్లని ఆపలేదు కూడా. గ్రాంటుకి అలవాటుపడిన ఖజానా ఆపింది.

ఆ డబ్బు దారి 2020లో మనకీ కనిపించింది. కోవిడ్‌కి 352 వాడలేదు, వాడే వీలూ లేదు. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఆరో అంశం. లాక్‌డౌన్‌ని 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద హోంశాఖ ఉత్తర్వులతో నడిపారు. రాష్ట్రాలు కట్టు బిగించొచ్చు, వదులు చేయకూడదు. మే 3 దాకా ఉన్న లాక్‌డౌన్‌ని తెలంగాణ మే 7కి పొడిగిస్తే ఎవరూ కాదనలేదు. ఏప్రిల్‌లో కేరళ హోటళ్లు, బస్సులకి కాస్త సడలింపు ఇవ్వబోతే కేంద్రం లేఖ రాసింది, కేరళ వెనక్కి తగ్గింది. పార్లమెంటు మార్చి 23న వాయిదా పడి సెప్టెంబరు 14న గానీ కూర్చోలేదు. అంటే ఈసారి రాష్ట్రాల అధికారం పార్లమెంటుకి కూడా వెళ్లలేదు. నేరుగా నార్త్ బ్లాక్‌లోని హోంశాఖకి వెళ్లింది. పాత ఎమర్జెన్సీలో కనీసం సభల ఆమోదం, ఆరు నెలల లెక్క ఉండేవి.

అసలు మార్పు మేలో అప్పుల పరిమితితో వచ్చింది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం అప్పు చేయాలంటే ఆర్టికల్ 293 ప్రకారం కేంద్రం ఒప్పుకోవాలి. రాష్ట్ర జీడీపీలో 3 శాతం ఉన్న పరిమితిని 5 శాతానికి పెంచుతూ, అందులో ఎక్కువ భాగానికి నాలుగు సంస్కరణల షరతు పెట్టారు: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార సౌలభ్యం, పట్టణ స్థానిక సంస్థలు, విద్యుత్ పంపిణీ. ఇళ్లు, స్థలాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోదే. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ చట్టాలు సవరించి, ఆస్తి పన్నుని అద్దె విలువ నుంచి మూలధన విలువకి మార్చింది. ఓటేసింది అసెంబ్లీయే. ఆ సవరణ ఎలా ఉండాలో ముందే షరతుల్లో ఉంది.

వ్యవసాయ మోటార్లకి మీటర్లు కూడా ఇక్కడి నుంచే వచ్చాయి. ఉచిత కరెంటు సబ్సిడీని రైతు ఖాతాలో వేసి, రైతే బిల్లు కట్టే పద్ధతికి ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలుపెట్టింది. తెలంగాణలో కేసీఆర్ మీటర్లు పెట్టేది లేదన్నారు. ఆ కారణంగా వేల కోట్ల అప్పు అవకాశం పోయిందని తర్వాత ఏళ్లలో అక్కడి ప్రభుత్వం పదే పదే చెప్పింది. గమనించాల్సింది, ఈ విద్యుత్ షరతు కోవిడ్ ఏడాదితో ఆగలేదు. అర శాతం అదనపు అప్పు రూపంలో 2021-22 నుంచి 2024-25 దాకా కొనసాగింది. దీన్ని పొడిగించడానికి ఏ సభా ఎమర్జెన్సీ తీర్మానం చేయనక్కర్లేదు.

2016లో జీఎస్టీ కోసం చేసిన 101వ సవరణ ఆర్టికల్ 250లోకి కూడా వెళ్లింది. ఎమర్జెన్సీలో రాష్ట్ర జీఎస్టీ మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చని రెండు ముక్కలు చేర్చారు. అది ఇంకా వాడే అవసరం రాలేదు. వాడకంలో ఉన్నది వేరే క్లాజు: విపత్తు వచ్చినప్పుడు ప్రత్యేక పన్ను కావాలంటే రాష్ట్రం జీఎస్టీ కౌన్సిల్‌ని అడగాలి. 2018 వరదల తర్వాత కేరళ అలాగే అడిగి, ఒక శాతం సెస్సుకి రెండేళ్ల అనుమతి తెచ్చుకుంది. 2019 ఆగస్టులో మొదలుపెట్టి 2021 జూలై 31న ఆపేసింది. రాష్ట్రాలకి పరిహారం కోసమని కేంద్రం వేసిన సెస్సు 2022 జూన్‌తో ముగియాల్సింది. కోవిడ్‌లో చేసిన అప్పులు తీర్చాలంటూ దాన్ని 2026 మార్చి దాకా పొడిగించారు.